విస్తళ్ళు, అరటిపళ్ళు

ఫరీదాబాద్,
18 ఆగస్టు 2024

ఒసే రేవతీ,

ఈ చేతిరాత పోల్చుకున్నావా, లేక సంతకం కోసం గబగబా కాయితం తిప్పావా? నేనేనే, కృష్ణకుమారిని. ఆర్.కె. పురంలో మీ క్వార్టర్ల వెనక చిన్న క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మీ నాన్న సీతారామయ్యగారు సెక్షన్ ఆఫీసరు, మా నాన్న హనుమయ్య అదే సెక్షన్‌లో ఫైళ్ళు మోసే దఫ్తరీ. స్కూల్లో నీ పక్క బెంచీ నాది, బస్సులో నీ పక్క సీటు నాది.

మొన్న అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే నీ పెళ్ళి శుభలేఖ దొరికింది. దానిమీద కాకినాడ చిరునామా ఉంది. మీ తమ్ముడు అర్జున్ ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే ఇది నీకు చేరుతుంది. లేదంటే అక్కడి పోస్ట్‌మాన్ తీరిగ్గా చదువుకుంటాడు.

నేనిక్కడ స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. కూతురు సాత్విక ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది. నాన్న పోయి ఆరేళ్ళయింది. అమ్మ నా దగ్గరే ఉంది. డెబ్భై ఏడొచ్చినా వంటింట్లోకి నన్ను రానివ్వదు.

అసలు సంగతి చెబుతాను. మా సొసైటీలో తెలుగువాళ్ళం తొమ్మిది ఇళ్ళు. అందరూ కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రజంటలు. వాళ్ళకి మన కార్తీక వనభోజనాల కబుర్లు చెప్పాను. బుద్ధ జయంతి పార్కు, గడ్డి దిబ్బలు, అక్కడ ఉసిరి చెట్టు లేదని, ఏటా అన్నీ తనే పూనుకునే జనార్దనరావుగారు ఐఎన్‌ఏ మార్కెట్ నుంచి ఉసిరి కొమ్మ తెచ్చి నేలలో గుచ్చి "ఇదే మన చెట్టు, అందరూ దీని నీడలోకి రండి" అనడం. మోకాలెత్తు కొమ్మ కింద నలభైమందిమి! వాళ్ళు పడీపడీ నవ్వారు. మనమూ చేద్దాం అన్నారు. నవంబరు 24 ఆదివారం, అదే పార్కులో.

చీటీలు కూడా వెయ్యాలి. ఏ ఇల్లు ఏం వండాలో చీటీల్లో రాసి, జనార్దనరావుగారి మంకీ టోపీలో వేసి, నీచేత తీయించేవారు కదా. "రేవతి చెయ్యి న్యాయమైన చెయ్యి" అనేవారు. అందుకని నువ్వు రావాలి, ఆ చేత్తోనే తియ్యాలి. ఎక్కడున్నా సరే, రైలెక్కు.

ఒక్కటే వింత. అమ్మ అన్నిటికీ సరేనంది కానీ చీటీలనగానే ముఖం తిప్పుకుంది. "అవెందుకే, ఎవరికి తోచింది వాళ్ళు వండుకొస్తారు" అంది. పెద్దతనం కదా, నువ్వొచ్చి చెబితే వింటుంది.

నీ
కృష్ణ


గుర్‌గావ్,
9 సెప్టెంబరు 2024

కృష్ణా,

పైన ఊరి పేరు చూశావుగా. తిట్టుకో. నీ ఉత్తరం కాకినాడ వెళ్ళి, అర్జున్ కొరియర్ చేస్తే, మీ ఇంటికి గంట దూరంలో ఉన్న నా దగ్గరికి వచ్చింది. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఒక కంపెనీలో ఉద్యోగం. మీరు ఫరీదాబాద్‌లో ఉన్నారని ఎవరో చెప్పారు కూడా. రావాలనుకునేదాన్ని. రాలేదు. పనులు అనుకో.

నాన్న పోయిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. అమ్మ నాలుగేళ్ళ కిందట పోయింది.

పార్కు గురించి చదువుతుంటే అన్నీ కళ్ళముందుకొచ్చాయి. ధౌలా కువాన్‌లో బస్సు మారేటప్పుడు టిఫిన్ క్యారియర్లన్నీ మన ఒళ్ళో పెట్టి, పెద్దవాళ్ళు వేలాడుతూ రావడం. వేడి సాంబారు గిన్నె నీ ఒళ్ళో ఉంటే నువ్వు అరవకుండా పెదవి కొరుక్కోవడం. నాన్నలంతా న్యూస్‌పేపర్లు పరిచి పేకాట. అమ్మలంతా స్వెట్టర్లు అల్లుతూ కొత్త డిజైన్లు ఒకరి దగ్గర ఒకరు దొంగిలించడం. మనిద్దరం దిబ్బ పైనుంచి కిందికి దొర్లడం. నువ్వే ఎప్పుడూ ముందు కిందికి చేరేదానివి. నీ జడలో గడ్డి ఏరడం నా పని.

రావడం మాత్రం కుదరదే. నవంబరులో ఆఫీసులో ఊపిరాడదు. చీటీలు సాత్విక చేత తీయించు. అసలు ఆంటీ వద్దంటున్నారు కదా, చీటీలు మానెయ్యి. పెద్దావిడ మాట ఎందుకు కాదనాలి?

మీ అందరికీ బాగా జరగాలి.

రేవతి


ఫరీదాబాద్,
22 సెప్టెంబరు 2024

రేవతీ,

పదకొండేళ్ళు! తిట్టుకోమన్నావు కాబట్టి తనివితీరా తిట్టాను. సాత్విక పక్కనుంచి "మమ్మీ, ఫోన్ కర్ లో నా ఉన్‌కో" అంది. చెయ్యను. నువ్వు నంబరిచ్చావా ఏమన్నా? ఉత్తరంలో నా నంబరు రాయకపోవడం నా తప్పనుకో, ఇదిగో కింద రాస్తున్నాను. నీకు చెయ్యాలనిపిస్తే చెయ్యి.

ఆదివారం నాడు ఏ ఆఫీసే? చీటీలంటే అంత భయమా? నీ చెయ్యి మా ఇంటికెప్పుడూ కలిసి రాలేదులే, అది వేరే సంగతి. నాలుగేళ్ళు వనభోజనానికి వచ్చాం, నాలుగేళ్ళూ మాకు "విస్తళ్ళు, అరటిపళ్ళు" చీటీయే. ఎంత దరిద్రపు అదృష్టమో చూడు. కానీ అమ్మ దాన్ని కూడా ఎంత శ్రద్ధగా చేసేదనుకున్నావు! మోదుగాకు విస్తళ్ళు ముందురోజే తెచ్చి, తడిగుడ్డతో ఒక్కొక్కటీ రెండువైపులా తుడిచేది. వెలుతురుకి పెట్టి చూసి, చిల్లులున్నవి పక్కన పడేసేది. ఎవరి విస్తట్లోంచీ చారు కారకూడదని. నేను అరటిపళ్ళకి కాపలా.

ఇంకోటి గుర్తుందా, పార్కునుంచి ఇంటికి రాగానే ఆ సాయంత్రం పులిహోర వండుకోవడం? అమ్మ చీర కూడా మార్చకుండా స్టవ్ వెలిగించేది. నాన్న రెండోసారి భోజనానికి కూర్చునేవాడు. పొద్దున్న అన్ని తిన్నా మాకు మళ్ళీ ఆకలేసేది. వనభోజనం నాటి సాయంత్రం పులిహోర వండాలన్నది ఆచారమనుకునేదాన్ని. అందరిళ్ళలోనూ ఉందనుకునేదాన్ని. మీ ఇంట్లో ఏం వండేవారు ఆ సాయంత్రం?

24న వస్తున్నావు. ఇంకేం చెప్పకు.

కృష్ణ


గుర్‌గావ్,
6 అక్టోబరు 2024

కృష్ణా,

నీ నంబరు ఫోన్‌లో ఎక్కించుకున్నాను. నాలుగుసార్లు తీశాను, చెయ్యలేకపోయాను. ఇది నోటితో చెప్పే మాట కాదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఏమీ వండేవాళ్ళం కాదు. ఎవరింట్లోనూ వండేవాళ్ళు కాదు. పొట్టలు నిండి, మజ్జిగ తాగి పడుకునేవాళ్ళం. పులిహోర వండింది మీ అమ్మ ఒక్కతే. ఆ సంగతి నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. చదివాక ఇంకేం చదవబుద్ధి కాలేదు.

మీ నాన్న సెక్షన్‌లో చేరిన ఏడాది జనార్దనరావుగారు మిమ్మల్నీ వనభోజనానికి పిలిచారు. ఆ సాయంత్రమే ఇద్దరు ఆడవాళ్ళు మా ఇంటికొచ్చారు. "వాళ్ళింటి వంట మేం ముట్టుకోలేం, వాళ్ళు వండుకొస్తే మేం మానేస్తాం" అన్నారు. మీ కులం పేరు గొంతు తగ్గించి అన్నారు. అలా గొంతు తగ్గించడం వల్లే నాకు గుర్తుండిపోయింది.

చీటీలు రాసేది మా అమ్మే, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. ఆవిడ "విస్తళ్ళు, అరటిపళ్ళు" అన్న చీటీకి మూల మడిచింది. నన్ను కూర్చోబెట్టి, "హనుమయ్యగారి ఇల్లు అనగానే ఈ మడతది తియ్యి. అంతవరకూ దాన్ని తియ్యకు. ఎవరితోనూ అనకు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా జరిగిపోతుంది" అంది. వండనక్కర్లేదు, అరటిపండు ఎవరికి వాళ్ళు వలుచుకుంటారు. అంతా ఆలోచించే పెట్టింది అమ్మ. అక్కడ వండనివ్వనిది మీ అమ్మ ఇంటికొచ్చి వండుకునేదన్నమాట.

నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ నన్నొక రహస్యానికి నమ్మిందని గర్వపడ్డాను. టోపీలో చెయ్యి పెట్టి, వేలికి మడత తగలగానే తీసేదాన్ని. "అబ్బ, మళ్ళీ అదేనా!" అని మీ అమ్మ నవ్వేది. జనార్దనరావుగారు నన్ను న్యాయమైన చెయ్యి అనేవారు. ఆయనకేం తెలియదు పాపం.

అమ్మ చెప్పింది చేశాను, కృష్ణా. అప్పటి రోజులు అలాంటివి, అమ్మ కూడా ఆ రోజుల మనిషే. అయినా నాకు సిగ్గుగా ఉంది. మీకు ఇంత దగ్గర్లో ఉండి రాకపోవడానికి కారణం పనులు కాదు, ఇది.

ఇప్పుడు చెప్పు, చీటీలు తియ్యడానికి నేను రానా?

రేవతి


ఫరీదాబాద్,
29 అక్టోబరు 2024

రేవతికి,

నీ ఉత్తరం మూడు వారాలు బీరువాలో పెట్టాను. రోజూ స్కూలుకెళ్ళి పిల్లలకి సంభావ్యత పాఠం చెప్పాను. అన్ని చీటీల్లో ఒకే చీటీ ఒకే ఇంటికి నాలుగుసార్లు పడే అవకాశం ఎంత? పదో క్లాసు లెక్క. నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, మా ఇంటి లెక్క ఒక్కటి వెయ్యలేకపోయాను.

మొన్న ఆదివారం అమ్మకి చదివి వినిపించాను. దాచడం మా ఇంట్లో అలవాటు లేదనుకున్నాను. ఉందని ఆ రోజే తెలిసింది.

అమ్మ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. "మొదటేడు అదృష్టమనుకున్నాను. రెండో ఏడు తెలిసిపోయింది" అంది.

"తెలిసీ ఎందుకెళ్ళాం?" అని అరిచాను.

"నువ్వు ఆ గడ్డిమీద దొర్లుతూ నవ్వేదానివి. మన క్వార్టర్లో అంత చోటెక్కడుందే?" అంది.

తరవాత ఆపి, నీ ఉత్తరంలో లేనిది చెప్పింది. నాలుగో ఏడు మీ అమ్మ టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడితే మా అమ్మ పదిరోజులు దగ్గరుంది. ఇంటినుంచి జావ కాచి తీసుకెళ్ళేది, మీ అమ్మ తాగేది. చీటీలకి ముందురోజు మీ అమ్మ మా ఇంటికొచ్చిందట. గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికొచ్చి మంచం మీద కూర్చుని, మంచినీళ్ళడిగి తాగి, "సీతారత్నం, ఈ ఏడు పులిహోర నీదే. చింతపండు చూసుకో" అందట. అమ్మ ఆ సాయంత్రమే ఐఎన్‌ఏ వెళ్ళి నువ్వులనూనె, ఇంగువ, కొత్త చింతపండు కొనుక్కొచ్చింది. అది నాకూ గుర్తే. చింతపండు గింజలు తీసింది నేనే.

మర్నాడు నువ్వు చీటీ తీశావు. విస్తళ్ళు, అరటిపళ్ళు.

"మూడేళ్ళు పడ్డాను కానీ, ఇంటికొచ్చి ఆశపెట్టి మరీ చేసిందే, అది తట్టుకోలేకపోయాను" అంది అమ్మ. ఆ తరవాత మీ అమ్మ రెండుసార్లు వస్తే తలుపు తీసి, నిలబెట్టే మాట్లాడి పంపేసిందట. మీకు ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోతుంటే స్టేషనుకి నాన్న వచ్చాడు, నేనొచ్చాను, అమ్మ రాలేదు. జ్వరమని చెప్పమంది. జ్వరం లేదు.

తప్పంతా మీ అమ్మదని రాశావు. పోయినావిడ లేచొచ్చి కాదనదు కదా. మా అమ్మ ముప్ఫై అయిదేళ్ళుగా ఆవిడ మీద మనసు విరుచుకునే ఉంది. అందుకే అడుగుతున్నాను. నాలుగో ఏడు ఏం జరిగింది?

కృష్ణకుమారి


గుర్‌గావ్,
3 నవంబరు 2024

కృష్ణా,

నువ్వడగకపోతే చెప్పేదాన్ని కాదు. పోయినసారి అక్కడిదాకా రాసి, ఇంతటితో సరిపోతుందిలే అనుకుని కవరు అతికించాను. అమ్మ ఫోటో ఉన్న గదిలోనే కూర్చుని రాశాను, అదీ నా ధైర్యం.

నాలుగో ఏడు అమ్మ మడిచింది పులిహోర చీటీని. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఏమన్నా సరే, మానేస్తే మానెయ్యమంది. "ఈసారి హనుమయ్యగారి ఇల్లనగానే ఈ మడతది తియ్యి. మూడేళ్ళు తప్పు చేయించాను నీచేత, ఇది దిద్దుబాటు" అంది. దిద్దుబాటు అన్న మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే.

చీటీలు పట్టుకుని నేనొక్కదాన్నే జనార్దనరావుగారింటికి బయల్దేరాను. వాళ్ళ మెట్లమీద ఆగాను. పులిహోర చీటీ మడత విప్పి, గోటితో గీకి సాపు చేశాను. విస్తళ్ళ చీటీ మూల మడిచాను. ఎవరూ చెప్పలేదు. నేనే చేశాను.

ఎందుకో కూడా రాస్తాను. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చాక మీరు రోజూ వచ్చేవాళ్ళు. అమ్మ నిన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. "ఎంత ఒత్తయిన జుట్టే" అనేది. నా జడ నేనే వేసుకోవడం అప్పటికే నేర్చుకున్నాను. లెక్కల్లో నువ్వు ఫస్టు, పరుగులో నువ్వు ఫస్టు, దిబ్బ మీంచి దొర్లినా నువ్వే ముందు. నీకంటే నేను పైనున్నది ఒక్కదాంట్లోనే, మీ ఇంటి వంట మేం తినకపోవడంలో. ఆదివారం అందరూ మీ పులిహోర తినేస్తే నాకింకేం మిగులుతుందని భయపడ్డాను. పదకొండేళ్ళ పిల్లకేం తెలుసని అనుకోకు. నాకు అన్నీ తెలుసు.

ఇంటికెళ్ళాక అమ్మ అడిగింది. మడత ఊడిపోయింది, వేలికి అందలేదని చెప్పాను. నావంక చాలాసేపు చూసింది. కొట్టలేదు. ఆ ఏడు పార్కులో అమ్మ అన్నం సగమే తింది, ఒంట్లో బాగాలేదనుకున్నారంతా.

స్టేషన్లో రైలు కదిలేదాకా "సీతారత్నం రాలేదా హనుమయ్యగారూ, సీతారత్నం రాలేదా" అని మీ నాన్నని అడుగుతూనే ఉంది. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. ఒక్కమాట చెబితే అయిపోయేది. తరవాత ముప్ఫై ఏళ్ళు అమ్మ నా కళ్ళముందే ఉంది, ఆ ఒక్కమాటా చెప్పలేదు. పోవడానికి ముందు ఒకసారి, ఏదో పులిహోర తింటూ, "సీతారత్నం చేతిది తినే రాత లేకపోయింది" అంది. అప్పుడూ నోరు మెదపలేదు.

మీ అమ్మగారితో చెప్పు. మా అమ్మ ఎగతాళి చెయ్యలేదు. అమ్మ నిజంగానే అంది, నిజంగానే మడిచింది. చెడగొట్టింది నేను. నన్నేమన్నా పడతాను, ఆవిణ్ణి మాత్రం వదిలెయ్యమను.

రేవతి


ఫరీదాబాద్,
13 నవంబరు 2024

రేవతీ,

చదివి వినిపించాను. స్టేషను దగ్గరికొచ్చేసరికి అమ్మ చెయ్యెత్తి ఆపమంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చాక "జ్వరమని అబద్ధమాడానే నేను. రైలు కదిలేదాకా అడిగిందా?" అంది. ఆ ఒక్కమాటే ఆ రోజంతా అడిగింది. రైలు కదిలేదాకానా? నేను అవునంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే చీర కట్టుకుని వచ్చి నాకు పని పురమాయించింది. ఆవిడ అన్నట్టే రాస్తున్నాను:

"చీటీలు లేవు. పులిహోర నేను వండుతాను. మిగతా కూరలు ఆ పిల్లలు వండుకొస్తారు. విస్తళ్ళు, అరటిపళ్ళు రేవతిని తెమ్మను."

సాత్విక "నానీ, యే పనిష్‌మెంట్ హై క్యా?" అని వాళ్ళ అమ్మమ్మని అడిగింది. అమ్మ చింతపండు డబ్బా మూత తీసి చూసుకుంది. నాకూ తెలియదు. అది కోపమో, రమ్మని పిలుపో నువ్వే వచ్చి తెలుసుకో. అమ్మ సంగతి అమ్మది. నాకు మాత్రం కోపం తగ్గలేదు, తొందరగా తగ్గేలా కూడా లేదు. నువ్వు రాసిన ఆ జడ సంగతి చదివినప్పట్నుంచీ మీ అమ్మ వేళ్ళు నా తలలో తెలుస్తున్నాయి. దానిమీద కూడా కోపంగా ఉంది.

ముప్ఫై రెండు విస్తళ్ళు చాలు. పదకొండు గంటలకి పార్కు గేటు దగ్గర. పొగ దట్టంగా ఉంటోంది, పిల్లలు మాస్కులు పెట్టుకుని అయినా వస్తామంటున్నారు. ఉసిరి కొమ్మ నేను తెస్తున్నాను.

కృష్ణ


గుర్‌గావ్,
23 నవంబరు 2024

కృష్ణా,

ఇది పోస్టులో వెయ్యను. రేపు గేటు దగ్గర నీ చేతికిస్తాను. నువ్వు మాట్లాడకపోతే కనీసం చదువుతావని.

ఐఎన్‌ఏ వెళ్ళి మోదుగాకు విస్తళ్ళే వెతికి తెచ్చాను. కాగితం ప్లేట్లు తీసుకోండి దీదీ అన్నాడు కొట్టువాడు. వద్దన్నాను. పొద్దున్నుంచి తుడుస్తున్నాను. రెండువైపులా, తడిగుడ్డతో. పుల్లలు గుచ్చుకుని వేళ్ళు మండుతున్నాయి. వెలుతురుకి పెట్టి చూస్తుంటే ఎన్నిటికి చిల్లులో! అవన్నీ పక్కన పెట్టాను. మా ఎంగిలాకుల కోసం ఇంత పని నాలుగేళ్ళు నవ్వుతూ చేసింది మీ అమ్మ, రెండో ఏటినుంచి తెలిసి కూడా.

నాకు మిగతావాళ్ళంతా పిన్నిగార్లు, అత్తయ్యగార్లు, మీ అమ్మ ఒక్కతే ఆంటీ. అది కూడా ఎవరూ నేర్పలేదు. రేపు పిన్నిగారూ అని పిలుస్తాను. పలకకపోయినా పిలుస్తాను.

నువ్వు ముప్ఫై రెండు చాలన్నావు. నేను ముప్ఫై మూడు తుడిచాను. ఆ ఎక్కువది మా అమ్మది. అందులో వడ్డించాలో వద్దో పిన్నిగారి ఇష్టం.

రేవతి